వేల బెడ్లు సరే, అద్దె సంగతేంటి?

విద్యార్థుల వసతి మీద ఏ ప్రభుత్వం ప్రకటన చేసినా మొదటి వాక్యంలోనే ఒక పెద్ద అంకె కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో 2013లో 40,000 అన్నారు. అది దాదాపు పూర్తయిందనిపించుకున్నాక తర్వాతి ప్రభుత్వం ఐదేళ్లలో 60,000 అంది, అక్కడికి చేరలేదు. నెదర్లాండ్స్ 2022లో తెచ్చిన జాతీయ కార్యాచరణ ప్రణాళికలోనూ 60,000 ఇళ్లే, గడువు 2030. ఐర్లండ్ 2017లో ఒక వ్యూహం ప్రకటించి 2024 కల్లా 21,000 కొత్త బెడ్లు తెస్తామంది. ఇలాంటి ప్రకటనలు చదవడం నాకు కొంతకాలంగా అలవాటు. చదివేటప్పుడు ఆ అంకెను దాటేసి నేరుగా వేరే విషయాలు వెతుక్కుంటాను. గది అద్దె ఎంత? దాన్ని ఎవరు నిర్ణయిస్తారు? ఆ అద్దె ఎన్నేళ్లు అలా ఉంటుంది? చాలాసార్లు ఈ మూడింటికీ జవాబు దొరకదు.

అద్దె గురించి ఒక్క మాట లేని వసతి పథకం పేరుకే విద్యార్థిది, లాభం వేరేవాళ్లది అని నా అభిప్రాయం. కాస్త ఘాటుగా అనిపించొచ్చు. కొత్త భవనాలు రావడం మంచిదే కదా, ముందు కట్టనివ్వండి, అద్దెలు వాటంతట అవే దిగుతాయి అని చాలామంది నిజాయితీగానే అంటారు. వాళ్ల మాటలో ఉన్న నిజాన్ని కూడా చూస్తాను. కానీ ముందు, ఈ మార్కెట్ మామూలు ఇళ్ల మార్కెట్ లాంటిది కాదని ఒప్పుకోవాలి.

ఇక్కడ అందరూ ఏడాదిలో ఒకే కొద్ది వారాల్లో గది వెతుకుతారు. తరగతులు మొదలయ్యే తేదీ ఎవరి కోసమూ జరగదు. అద్దెలు మండిపోతున్నాయి, మూడు నెలలు ఆగి చూద్దాం అనే వీల్లేదు. వెతికేవాళ్లు ఊరికి కొత్త, సొంత ఆదాయం లేదు, హామీ సంతకం పెట్టేవాళ్లు దగ్గర్లో ఉండరు. ఇక అవతలి వైపు చూస్తే, విశ్వవిద్యాలయం సీట్లు పెంచాలంటే ఒక మీటింగ్, కొన్ని ఈమెయిళ్లు చాలు. భవనానికి స్థలం, అనుమతులు, అప్పు, కాంట్రాక్టు అన్నీ కుదిరి తాళాలు చేతికి వచ్చేసరికి నాలుగైదేళ్లు పడుతుంది. ఈలోపు ఒక బ్యాచ్ చేరి, చదివి, పట్టా పుచ్చుకుని వెళ్లిపోతుంది.

కొరత ఉందనగానే ప్రభుత్వాలకు తేలిగ్గా తోచే దారి విద్యార్థి చేతిలో డబ్బు పెట్టడం. స్థలం వెతకనక్కర్లేదు, సిమెంటు కలపనక్కర్లేదు, వచ్చే నెల నుంచే అమలు చేయొచ్చు. ఫ్రాన్స్ 1990ల మొదట్లో ఇదే చేసింది. అప్పటిదాకా కొన్ని వర్గాలకే ఉన్న గృహ భత్యాన్ని తక్కువ ఆదాయం ఉన్న అందరికీ విస్తరించింది. విద్యార్థులు కూడా అందులోకి వచ్చారు. ఆ సంస్కరణకు ముందూ తర్వాతా అద్దెలు ఎలా కదిలాయో గాబ్రియెల్ ఫాక్ అనే ఆర్థికవేత్త లెక్కగట్టారు. 2006లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం భత్యంలో పెరిగిన ప్రతి యూరోకి 78 సెంట్లు అద్దె పెరిగింది. అంటే భత్యం అందుకున్నవాళ్లకి నిజంగా మిగిలింది 22 సెంట్లు. మిగతాది వాళ్ల ఖాతాలోకి వచ్చి, ఒకటో తారీఖున ఓనర్ ఖాతాలోకి వెళ్లిపోయింది.

ఇందులో ఓనర్ల దుర్మార్గం ఏమీ లేదు. గదులు ఉన్నన్నే ఉన్నాయి. కొనగలిగే శక్తి మాత్రం అందరికీ ఒకేసారి కాస్త పెరిగింది. ఉన్న గదుల కోసమే అందరూ ఆ కాస్తా ఎక్కువ పెట్టారు. అయితే భత్యం తీసేయమని నేను అనను. ఇవాళ గదిలో ఉన్న పిల్లకు ఇవాళ్టి అద్దె కట్టాలి, ఐదేళ్ల తర్వాత వచ్చే భవనం ఆమెకు పనికిరాదు. నేననేది ఒక్కటే, భత్యం పెంచడాన్ని వసతి విధానం అని పిలవకూడదు. జర్మనీలో విద్యార్థులకిచ్చే బాఫోగ్ సాయంలో అద్దె వాటాను 2024లో 360 యూరోల నుంచి 380కి పెంచారు. నలుగురు కలిసి ఉండే ఫ్లాట్‌లో ఒక గది సగటు అద్దె అప్పటికే ఆ మొత్తాన్ని బాగా దాటేసింది. ఆ 20 యూరోల వల్ల ఒక్క కొత్త గదీ పుట్టలేదు. అదే జర్మనీ 2023 నుంచి 'యువతకు ఇళ్లు' పేరుతో కేంద్రం నుంచి రాష్ట్రాలకు ఏటా 50 కోట్ల యూరోలు ఇస్తోంది, విద్యార్థులకూ వృత్తి శిక్షణలో ఉన్నవాళ్లకూ కలిపి. ఆ డబ్బు సామాజిక గృహ నిర్మాణ నిధుల కింద వస్తుంది కాబట్టి, దానితో కట్టిన గదులకు అద్దె పరిమితి కూడా వెంట వస్తుంది. రెండూ ప్రభుత్వ ఖర్చే, కానీ రెండోది గదులను మిగిలిస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే భాగానికి వస్తాను. సబ్సిడీ నిబంధన ఎలా రాస్తే భవనం అలాగే లేస్తుంది. ఆర్కిటెక్ట్ పెన్ను పట్టుకోకముందే గది ఆకారాన్ని ఒక పన్నుల అధికారి నిర్ణయించేసి ఉంటాడు.

నెదర్లాండ్స్‌లో తక్కువ ఆదాయం వాళ్లకు అద్దె భత్యం ఉంది. అది సాధారణంగా సొంత తలుపు, సొంత వంటగది, సొంత టాయిలెట్ ఉన్న ఇంటికే ఇస్తారు. వంటగది పంచుకునే గదికి రాదు. కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని రాసిన నిబంధన అది, అందులో తప్పేం లేదు. కానీ విద్యార్థి వసతి కట్టేవాళ్లు లెక్క వేసుకుంటే తేలేదేమిటి? స్టూడియో, అంటే వంటగది, టాయిలెట్ అన్నీ తనలోనే ఉన్న ఒంటి గది, అద్దె ఎక్కువైనా భత్యం పోగా విద్యార్థి జేబు నుంచి పోయేది ఉమ్మడి ఫ్లాట్‌లో గదికి పోయినంతే ఉంటుంది, ఒక్కోసారి ఇంకా తక్కువ. అలాంటప్పుడు ఎవరు మాత్రం స్టూడియో వద్దంటారు? లాభాపేక్ష లేని విద్యార్థి గృహ సంస్థలు కూడా స్టూడియోలే కట్టుకుంటూ పోయాయి. ప్రతి గదికీ ఒక సింకు, ఒక షవర్, ఒక పొయ్యి, విడివిడిగా పైపులు. అదే స్థలంలో, అదే డబ్బుతో రాగలిగిన బెడ్లు తగ్గిపోయాయి. చివరికి విద్యార్థుల ఒంటరితనం గురించి కూడా ఆ దేశంలో పెద్ద చర్చ నడిచింది. అది మొత్తం స్టూడియోల వల్లే అనను. కానీ పద్దెనిమిదేళ్ల పిల్లాణ్ని కొత్త ఊళ్లో నాలుగు గోడల మధ్య తలుపేసి పెట్టేదానికి ప్రభుత్వం ఎదురు డబ్బిచ్చింది అనేది మాత్రం నిజం.

ఆస్ట్రేలియా కథ ఇంకా విచిత్రం. 2008లో అక్కడ జాతీయ అద్దె ఇళ్ల పథకం ఒకటి తెచ్చారు. మార్కెట్ కంటే కనీసం 20 శాతం తక్కువకు అద్దెకిచ్చే కొత్త ఇళ్లు కడితే పదేళ్లపాటు ఏటా ఇంత అని ప్రోత్సాహకం. ఇంటికి ఇంత, అంతే. ఆ ఇల్లు నాలుగు పడకగదులదైనా, ఒక మంచం, ఒక బల్ల పట్టే గది అయినా అంతే. ఇంక చెప్పేదేముంది, పెట్టుబడిదారులు చిన్న స్టూడియోల వైపు పరుగెత్తారు. విశ్వవిద్యాలయాలు కూడా ఈ పథకం కింద విద్యార్థి వసతి కట్టుకున్నాయి. తర్వాత పిల్లలున్న పేద కుటుంబాల డబ్బు విద్యార్థులు తినేశారని విమర్శ వచ్చింది. 2014 బడ్జెట్‌లో కొత్త కేటాయింపులు ఆపేశారు. విద్యార్థులు చేసిన నేరం ఏమీ లేదు. ప్రోత్సాహకాన్ని మనిషికి కాకుండా, చదరపు మీటరుకు కాకుండా, తలుపుకు లెక్కగట్టిన ఫలితం అది. 'ఎన్ని ఇళ్లు' అనే అంకె మీద మోజు ఉన్న చోట ఇలాగే జరుగుతుంది, ఎందుకంటే తలుపులు లెక్కపెట్టడం తేలిక.

నేను చదువుకున్నది గదికి నలుగురు ఉండే హాస్టల్‌లో. దాన్ని ఇప్పుడు తీపి జ్ఞాపకంగా చెప్పుకునే ఉద్దేశం లేదు. పరీక్ష ముందు రాత్రి పక్క మంచం మీది ఫోన్ సంభాషణ వింటూ చదవడంలో సుఖమేమీ లేదు. పడుకోవడానికి, చదవడానికి ఎవరి గది వాళ్లకి ఉండాలి. వంటగది, కూర్చునే చోటు మాత్రం ఆరేడుగురికి కలిపి ఉంటే చాలు. ఈ మధ్యరకం వసతి కట్టడానికి చవక, ఉండటానికి మేలు. నేను చూసినంతలో నిబంధనలు తరచూ మర్చిపోయేది దీన్నే.

ఇక మొదట్లో చెప్పిన వాదన. ఖరీదైన గదులు కట్టినా ఫరవాలేదు, డబ్బున్న విద్యార్థులు వాటిలోకి పోతారు, వాళ్లు ఖాళీ చేసిన పాత ఇళ్లు మిగతావాళ్లకి దొరుకుతాయి అంటారు. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. కొత్త భవనమే లేకపోతే ఆ డబ్బున్న విద్యార్థి పాత ఇంటికే ఎక్కువ అద్దె ఇచ్చి మిగతావాళ్లని బయటికి నెడతాడు. కొత్త బెడ్లు వద్దనేవాళ్ల కంటే ఈ మాట అనేవాళ్లే నాకు నయమనిపిస్తారు. చిక్కు ఎక్కడంటే, ఈ జారుడు కింది మెట్టు దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో సీట్లు కూడా పెరుగుతూనే ఉంటాయి. డెవలపర్ కూడా అద్దెలు తగ్గేదాకా కట్టుకుంటూ పోడు, తగ్గేలా ఉన్నాయనిపించిన రోజే తర్వాతి ప్రాజెక్టు ఆపేస్తాడు. అతని లెక్కలో అతను సరిగ్గానే ఉన్నాడు.

లండన్ చూడండి. విద్యార్థుల కోసమే ప్రత్యేకంగా కట్టిన ప్రైవేటు భవనాలు అక్కడున్నన్ని చాలా చోట్ల లేవు. 2024–25లో ఆ నగరంలో అలాంటి వసతి సగటు వార్షిక అద్దె 13,595 పౌండ్లు. ఇంటికి దూరంగా లండన్‌లో ఉండి చదివే విద్యార్థికి ప్రభుత్వం ఆ ఏడాది ఇచ్చిన జీవన వ్యయ రుణం గరిష్ఠంగా 13,348 పౌండ్లు. అంటే అందరికంటే పేద కుటుంబం నుంచి వచ్చి మొత్తం రుణం తీసుకున్నా, అద్దెకే చాలదు. తిండి, బస్సు, పుస్తకాలు తర్వాతి మాట. సగటు ఇది, అన్నిటికంటే ఖరీదైనది కాదు.

అయితే అదే లండన్‌లో, నేను ప్రకటనల్లో వెతుక్కునే ఆ అద్దె మాట రాసిన నిబంధన ఒకటుంది. 2021 నాటి లండన్ ప్లాన్ (నగరంలో ఏది ఎలా కట్టాలో చెప్పే పత్రం) ప్రకారం విద్యార్థి వసతి కట్టే డెవలపర్ 35 శాతం గదులను అందుబాటు అద్దెకి ఇస్తే అనుమతి దారి సులువవుతుంది, ప్రభుత్వ స్థలమైతే 50 శాతం. 'అందుబాటు' అనే మాటను గాలికి వదిలేయలేదు. పైన చెప్పిన గరిష్ఠ రుణంలో 55 శాతం మించకూడదని కట్టేశారు. పైగా ఎక్కువ గదుల కేటాయింపు ఏదో ఒక విశ్వవిద్యాలయంతో ఒప్పందం ప్రకారం జరగాలి. అద్దెను విద్యార్థి చేతిలోకి వచ్చే డబ్బుతో ముడిపెట్టడం ఇందులో తెలివైన పని. మార్కెట్‌తో ముడిపెడితే, 'మార్కెట్ కంటే 20 శాతం తక్కువ' అనేది కూడా రెండేళ్లలో అందకుండా పోతుంది. కాలిఫోర్నియా కూడా 2021లో మొదలుపెట్టిన హాస్టల్ గ్రాంట్లలో ఇలాంటి పనే చేసింది, అద్దె పరిమితిని ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో సగం మీద లెక్కగట్టింది. ఇలా రాస్తే డెవలపర్లు కట్టడం మానేస్తారని భయపెడతారు. కొందరు మానేస్తారు కూడా. ఆ స్థలాన్ని అప్పుడు లాభం అక్కర్లేనివాళ్లకి ఇవ్వాలి, దాని గురించి తర్వాత.

ఐర్లండ్ 21,000 బెడ్ల లక్ష్యంలో ఎక్కువ భాగాన్ని ప్రైవేటు పెట్టుబడి మీదే వదిలింది. ఆ భవనాలు లేచాయి. అద్దెలు ఎంతగా పెరిగాయంటే 2018లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 2019లో అద్దె పెంపు నియంత్రణను విద్యార్థి వసతికి కూడా వర్తింపజేస్తూ చట్టం మార్చాల్సి వచ్చింది. తర్వాత కోవిడ్ వచ్చి తరగతులు ఆన్‌లైన్‌కి మారినప్పుడు డబ్లిన్‌లో కొన్ని సంస్థలు విద్యార్థి గదులను తాత్కాలికంగా పర్యాటకులకు ఇచ్చుకోవడానికి అనుమతులు తెచ్చుకున్నాయి. ఖాళీగా ఉంచి ఏం చేస్తాం అన్నది వాళ్ల వాదన. విద్యార్థులు తిరిగొచ్చాక ఏడాదికి 51 వారాల లీజు రాయమనడం మొదలైంది. చదువు ఉండేది తొమ్మిది నెలలే, అద్దె మాత్రం దాదాపు ఏడాదంతా. 2024లో మళ్లీ చట్టం మార్చి, 41 వారాలకు మించి బలవంతం చేయకూడదన్నారు. ప్రతిసారీ ప్రభుత్వం సంస్థల వెనకాల పరుగెత్తి ఒక కన్నం పూడుస్తోంది, ఈలోపు ఇంకోటి తెరుచుకుంటోంది. అనుమతి ఇచ్చేటప్పుడే ఈ షరతులన్నీ రాసుకుని ఉంటే ఇంత టెన్షన్ ఉండేది కాదు. 2022 చివరికి వచ్చేసరికి, అనుమతులుండి కూడా ఖర్చు చాలక ఆగిపోయిన విశ్వవిద్యాలయాల సొంత ప్రాజెక్టులకు ప్రభుత్వమే డబ్బు పెట్టి, బదులుగా కొన్ని గదులను తక్కువ అద్దెకి తీసుకోవాలని నిర్ణయించుకుంది. 2017లోనే చేసి ఉండాల్సిన పని.

లాభం అక్కర్లేనివాళ్లు ఎవరంటే, చాలా దేశాల్లో ఎప్పటినుంచో ఉన్నారు, కాకపోతే వార్తల్లో ఉండరు. ఫ్రాన్స్‌లో క్రూస్ అనే ప్రభుత్వ వ్యవస్థ. జర్మనీలో విద్యార్థి సేవా సంస్థలు. హెల్సింకీలో విద్యార్థి సంఘాలే 1969లో స్థాపించుకున్న హోఆస్. నెదర్లాండ్స్‌లో డువో లాంటి గృహ సంస్థలు. వీటి గదులు ఫొటోల్లో గొప్పగా ఉండవు. జిమ్, సినిమా గది, రంగురంగుల సోఫాలు ఉండవు. వీటి బలం వేరే చోట ఉంది. కట్టినప్పటి అప్పు ముప్పై నలభై ఏళ్లకి తీరిపోతుంది, భవనం మాత్రం ఉంటుంది. అప్పు తీరిన భవనానికి మరమ్మతులూ జీతాలూ గిట్టే అద్దె చాలు. అమ్ముకునేవాళ్లు లేరు కాబట్టి ఆ చవక తర్వాతి తరాలకి అందుతూనే ఉంటుంది.

అయితే ఇవి చాలా తక్కువ. ఫ్రాన్స్‌లో దాదాపు 30 లక్షల మంది విద్యార్థులకు క్రూస్ గదులు 1.7 లక్షలకు కాస్త పైన. జర్మనీలో 29 లక్షల మందికి రెండు లక్షల లోపు. పద్నాలుగు మందిలో ఒకరికి కూడా సరిగా రావు. నా దృష్టిలో ప్రభుత్వం చేయాల్సిన అసలు పని ఈ నిష్పత్తిని మార్చడం. దానికి కావలసినవి స్థలం, దీర్ఘకాలపు చౌక అప్పు, అప్పు తెచ్చుకునే హక్కు. ఈ మూడోది వినడానికి వింతగా ఉంటుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో విశ్వవిద్యాలయాల అప్పు రాష్ట్ర ప్రభుత్వ అప్పుగా ఖాతాలో కనిపిస్తుంది కాబట్టి, చాలా ఏళ్లు వాటిని అప్పే చేయనివ్వలేదు. హాస్టల్ అద్దెలతోనే అప్పు తీరిపోతుందని అందరికీ తెలిసినా సరే. 2018లో కొత్త ప్రభుత్వం 45 కోట్ల డాలర్ల రుణ పథకం తెచ్చి ఆ తలుపు తీశాక కానీ వేల బెడ్ల ప్రాజెక్టులు కదల్లేదు. ఏళ్ల తరబడి కొరతకు కారణం ఒక ఖాతా పుస్తకంలోని పద్దు. ఇలాంటివి ఎవరి ప్రసంగాల్లోనూ రావు.

ఉన్న గదులు చదువు అయిపోయినవాళ్ల చేతుల్లో ఇరుక్కుపోకుండా చూడటం కూడా కొత్త గది కట్టినంత పని. నెదర్లాండ్స్ క్యాంపస్ ఒప్పందం దీనికి మంచి ఉదాహరణ. ఇంకా చదువుతున్నానని విద్యార్థి రుజువు చూపించాలి, చదువు ముగిశాక ఆరు నెలల్లో ఖాళీ చేయాలి. కఠినంగా ఉంది, న్యాయంగానూ ఉంది.

డబ్బు, స్థలం, అనుమతి అన్నీ ఉన్నా పక్కింటివాళ్లు ఒప్పుకోకపోతే? కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఇది కోర్టుల దాకా వెళ్లింది. విశ్వవిద్యాలయం విద్యార్థుల సంఖ్య పెంచుతోందని, దాని పర్యావరణ ప్రభావం చూడలేదని స్థానికులు కేసు వేస్తే, 2022లో అడ్మిషన్లనే పాత స్థాయికి తగ్గించే పరిస్థితి వచ్చింది. దాదాపు మూడు వేల సీట్లు పోతాయని గగ్గోలు పుట్టాక శాసనసభ హడావిడిగా చట్టం మార్చింది. ఇంతలో పీపుల్స్ పార్క్ అనే స్థలంలో 1,100 మందికి హాస్టల్ కట్టబోతే ఇంకో కేసు. 2023లో అప్పీలు కోర్టు, విద్యార్థులు చేయబోయే సందడిని కూడా పర్యావరణ ప్రభావంగా లెక్కించాల్సిందే అంది. ఫ్యాక్టరీ పొగ, రసాయనాలు, పంతొమ్మిదేళ్ల పిల్లల గోల ఒకే వరుసలో! అదే ఏడాది మళ్లీ చట్టం మార్చారు, 2024 జూన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు విశ్వవిద్యాలయానికి అనుకూలంగా తీర్పిచ్చింది. ఆ గోల నిజం కాదని నేను అనను, రాత్రి రెండింటికి పాటలు పెట్టేవాళ్ల పక్కన ఉన్నవాళ్లకే తెలుస్తుంది బాధ. కానీ పక్కింటివాళ్లు పాతికేళ్లు అక్కడే ఉంటారు, ప్రతి ఎన్నికలోనూ ఓటేస్తారు. విద్యార్థి మూడేళ్లలో వెళ్లిపోతాడు. చాలామందికి అక్కడ ఓటే ఉండదు. స్థానిక సంస్థ ఎవరి మాట వింటుందో వేరే చెప్పాలా? అందుకే ఈ అనుమతుల అధికారంలో కొంతైనా పై ప్రభుత్వం చేతిలో ఉండాలంటాను.

అలాగని కొరత పేరు చెప్పి ఏది కట్టినా సరేననడం కూడా కుదరదు. అదే రాష్ట్రంలో శాంటా బార్బరా క్యాంపస్‌లో 4,500 మందికి ఒకే భవనం తలపెట్టారు. 20 కోట్ల డాలర్లు విరాళమిస్తానన్న ధనవంతుడు చార్లీ మంగర్, డిజైన్ కూడా తనదే ఉండాలన్నారు. అందులో 94 శాతం గదులకు కిటికీ లేదు. 2021లో సలహా ఆర్కిటెక్ట్ డెన్నిస్ మెక్‌ఫాడెన్ రాజీనామా చేసి నిరసన తెలిపారు. ఆ ఏడాదే వసతి దొరక్క కొందరు విద్యార్థులను హోటళ్లలో ఉంచిన క్యాంపస్ అది. 2023కి ఆ ఆలోచన మానుకున్నారు. 4,500 అనే అంకె ఎంత ఆకర్షించి ఉండకపోతే అంతమంది చదువుకున్న పెద్దలు కిటికీ లేని గదులకు తలూపుతారు?

కట్టకుండానే గదులు తెచ్చే దారి కూడా ఒకటుంది, ఇళ్లలో ఖాళీగా ఉన్న గదులు. ఐర్లండ్‌లో సొంతింట్లో గది అద్దెకిస్తే ఏడాదికి 14,000 యూరోల దాకా పన్ను లేదు. ఏ భవనమూ ఇంత త్వరగా బెడ్లు తేలేదు. కానీ అలా ఉండేవాళ్లకి అక్కడి చట్టంలో అద్దెదారు హోదా లేదు, రక్షణలూ లేవు. ప్రకటనల్లో కొన్ని సోమవారం నుంచి శుక్రవారం వరకే ఉంటాయి. శని, ఆదివారాలు ఇల్లు మాకే కావాలి అని. పక్క జిల్లా విద్యార్థి వారాంతం అమ్మానాన్నల దగ్గరికి పోతాడు. సముద్రాలు దాటి వచ్చినవాడు ఎక్కడికి పోవాలి? మాకు తెలిసిన అబ్బాయి ఒకడు ఆ రెండు రోజులూ స్నేహితుల గదుల్లో నేలమీద పడుకుంటూ ఒక సెమిస్టర్ గడిపాడు. పన్ను వదులుకుంటున్న ప్రభుత్వం దానికి బదులుగా కనీస నోటీసు గడువు, డిపాజిట్ తిరిగివ్వడం, వారానికి ఏడు రోజులు అనే షరతులు పెట్టినా ఓనర్లు పారిపోరని నా నమ్మకం. మరీ బిగిస్తే పారిపోతారన్నదీ నిజమే. నెదర్లాండ్స్ 2024 జులైలో అద్దె నియంత్రణను విస్తరించాక, దానికి పెరిగిన పన్నులు కూడా తోడై, చాలామంది ఓనర్లు విద్యార్థులకిచ్చే ఇళ్లను అమ్ముకోవడం మొదలుపెట్టారు. అద్దె చట్టం మంచిదే, కానీ వెళ్లిపోయే గదుల స్థానంలో కొత్తవి సిద్ధంగా ఉన్నాయా అని చూసుకోకుండా తెచ్చారు.

ఇటీవల ప్రభుత్వాలు ఇంకో వైపు నుంచి వస్తున్నాయి. గదులు పెంచలేకపోతే విద్యార్థుల్ని తగ్గిద్దాం అని. కెనడా 2024 జనవరిలో విదేశీ విద్యార్థుల పర్మిట్లకు పరిమితి పెట్టి ఆ ఏడాదికి దాదాపు 3.6 లక్షలు అంది, ముందు ఏడాది కంటే 35 శాతం తక్కువ. కారణాల్లో ఇళ్ల కొరత ఒకటి. అదే ఏడాది విశ్వవిద్యాలయాలు కట్టే హాస్టళ్లకు పన్ను మినహాయింపు, చౌక నిర్మాణ రుణాలు కూడా ఇస్తామంది. ఈ రెండో పని పదేళ్ల ముందే జరిగి ఉంటే మొదటిది ఇంత మొరటుగా చేయాల్సి వచ్చేది కాదేమో. పైగా విదేశీ విద్యార్థుల ఫీజులు పడిపోతే విశ్వవిద్యాలయం దగ్గర కట్టడానికి డబ్బూ ఉండదు. హాస్టల్ కట్టకుండా సీట్లు అమ్ముకున్న సంస్థ తప్పుకి వీసా రాని విద్యార్థి మూల్యం కట్టడం నాకు మింగుడుపడదు.

ఆస్ట్రేలియా పద్ధతి కాస్త మెరుగ్గా ఉంది. 2025కి 2.7 లక్షలు, 2026కి 2.95 లక్షలు అని కొత్త విదేశీ విద్యార్థుల సంఖ్యకు ప్రణాళిక వేసుకుని, అదనపు సీట్లు కావాలనుకునే విశ్వవిద్యాలయం వసతి విషయంలో ఏం చేస్తోందో చూపించాలంది. సీటు పెంచే చేతికే బెడ్ బాధ్యత అప్పగించడం, ఇన్నాళ్లకి ఎవరో చేశారు. అయితే విశ్వవిద్యాలయం ఒక ప్రైవేటు సంస్థను పిలిచి, విద్యార్థి నెల డబ్బంతా మింగే స్టూడియోల టవర్ కట్టించి, ఇదిగో వసతి అని చూపిస్తే? ఒక్కో అదనపు సీటుకి ఎంత అద్దెలో, ఎన్నేళ్లపాటు, ఎవరి యాజమాన్యంలో బెడ్ అని అడగాలి, జవాబు కాగితం మీద తీసుకోవాలి. అడగకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఆ ప్రభుత్వం వేరే దేశం వైపు చూడనక్కర్లేదు. 2008లో ఇంటికి ఇంత అని తాను రాసిన పథకం ఫైలు తన దగ్గరే ఉంది.